డేటాబేస్‌లోని టెంప్లేట్లను వీఎస్ కోడ్‌లో మామూలు ఫైళ్లలా తెరవడం ఎలా?

“ప్రొవైడర్ రాశాం, ఫైలు తెరుచుకుంటోంది కూడా. కానీ అవతలివాళ్లు మార్చింది మాకు కనిపించదు. సేవ్ కొడితే ఒకరు రాసింది ఇంకొకరం చెరిపేసుకుంటున్నాం.” ఈ మధ్య నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలు ఎటు తిరిగినా ఇక్కడికే వస్తున్నాయి. ప్రొవైడర్ అంటే వీఎస్ కోడ్ ఎడిటర్ అడిగిన ఫైళ్లను డేటాబేస్ నుంచి తెచ్చిచ్చే మీ కోడ్. చాలామంది రీడ్‌ఫైల్, రైట్‌ఫైల్ జాగ్రత్తగా రాసి, ఫైలు వివరాలు చెప్పే స్టాట్‌ను మాత్రం పైపైన కానిచ్చేస్తారు. తలనొప్పి అంతా అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక పట్టిక అనుకుందాం. అందులో ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ టెంప్లేట్లున్నాయి. వర్గం, పేరు, పాఠం, మార్చిన సమయం అని నాలుగు కాలమ్స్. వాటిని అడ్మిన్ పేజీలోని చిన్న పెట్టెలో దిద్దే బాధ లేకుండా, వీఎస్ కోడ్‌లో ఫోల్డర్లు, ఫైళ్లుగా చూడాలి, దిద్దాలి, సేవ్ చేయాలి.

ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. టైప్‌స్క్రిప్ట్‌లో మీ క్లాస్ ఫైల్‌సిస్టమ్‌ప్రొవైడర్‌ను ఇంప్లిమెంట్ చేస్తుందని రాసి క్విక్ ఫిక్స్ నొక్కండి. అసలు స్పెల్లింగ్‌తో అన్నీ వచ్చేస్తాయి.

1. కోడ్ ముట్టుకునే ముందు తేల్చుకోవాల్సినవి

చూడటానికి మాత్రమేనా? అయితే ఈ పెద్ద ప్రొవైడరే అక్కర్లేదు. టెక్స్ట్‌డాక్యుమెంట్‌కంటెంట్‌ప్రొవైడర్ అని చిన్నది ఉంది. చిరునామా ఇస్తే పాఠం తిరిగిచ్చే ఒక్క ఫంక్షన్ రాస్తే చాలు. అందులో ఫోల్డర్లుండవు, సేవ్ ఉండదు, ఇమేజ్‌ల వంటివి తెరుచుకోవు. లాగ్ చూపించడానికో, పాత వెర్షన్ చూపించడానికో అదే సరిపోతుంది.

దిద్ది సేవ్ చేయాలంటే ఫైల్‌సిస్టమ్‌ప్రొవైడర్ కావాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాని గురించే.

తర్వాత స్కీమ్ పేరు. మామూలు ఫైళ్ల చిరునామా మొదట్లో ‘ఫైల్’ అని ఉన్నట్టే, మీ ఫైళ్లకూ ఒక పేరుండాలి. నేను ‘నమూనా’ అని పెట్టుకున్నాను (కోడ్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో). ఒక స్కీమ్‌కు ఒక్క ప్రొవైడరే ఉండాలి. ఆ పేరును వేరే ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రాం, మీ ప్రొవైడరూ అలాంటి దానిలోనే ఉంటుంది) ముందే తీసుకుని ఉంటే రిజిస్టర్ చేసేటప్పుడే ఎర్రర్ వస్తుంది. కాబట్టి ‘డీబీ’ లాంటి అందరికీ తట్టే పేర్లు పెట్టకండి.

చిరునామా రూపం కూడా కాగితం మీద ముందే రాసుకోండి. నాది ఇలా ఉంటుంది:

నమూనా://టెస్ట్/ఎస్‌ఎంఎస్/ఓటీపీ.టీఎక్స్‌టీ

‘టెస్ట్’ ఉన్న చోటును అథారిటీ అంటారు. ఏ డేటాబేస్ అన్నది అక్కడ పెట్టండి: టెస్టా, లైవా. చిరునామాను స్ట్రింగ్‌గా మార్చినప్పుడు ఈ భాగం చిన్న అక్షరాల్లోకి మారిపోతుంది కాబట్టి పెద్ద అక్షరాలు వాడకండి.

ఫైలు పేరు చివర ఫైల్ ఎక్స్‌టెన్షన్ (రకం చెప్పే తోక) తప్పనిసరి. పట్టికలో పేరు ఉత్త ‘ఓటీపీ’ అనే ఉన్నా, చూపించేటప్పుడు .టీఎక్స్‌టీ లేదా .హెచ్‌టీఎంఎల్ తగిలించి, లోపలికి తీసుకునేటప్పుడు తీసేయండి. రంగులు, ఫార్మాటింగ్ అన్నీ ఎడిటర్ దాన్ని చూసే నిర్ణయిస్తుంది.

మొదలుపెట్టే ముందు:

☐ చదవడానికేనా, దిద్దడానికా అన్నది తేలింది
☐ స్కీమ్ పేరు ఇంకెవరూ వాడనిది
☐ టెస్ట్, లైవ్ వేర్వేరు అథారిటీల్లో ఉన్నాయి
☐ పట్టికలో ‘మార్చిన సమయం’ కాలమ్ ఉంది (లేకపోతే ముందు చేర్చండి, అది లేకుండా ముందుకెళ్లడం దండగ)
☐ పాత పాఠాన్ని దాచే హిస్టరీ పట్టిక ఒకటుంది

2. ఎక్స్‌టెన్షన్ సమయానికి లేవాలి

మీ ఎక్స్‌టెన్షన్ వివరాలుండే ప్యాకేజ్ జేసన్‌లో యాక్టివేషన్ ఈవెంట్స్ దగ్గర ‘ఆన్‌ఫైల్‌సిస్టమ్:నమూనా’ అని రాయండి. ఇది లేకపోతే ఏమవుతుందంటే, నిన్న తెరిచిపెట్టిన టెంప్లేట్ ట్యాబ్‌తో ఇవాళ ఎడిటర్ మొదలవుతుంది, ఆ స్కీమ్ ఎవరిదో దానికి తెలియదు, ట్యాబ్‌లో ఎర్రర్ కనిపిస్తుంది. కమాండ్ నొక్కి తెరిచినప్పుడు మాత్రం బాగానే పనిచేస్తుంది. అందుకే ఈ తప్పు ఆలస్యంగా బయటపడుతుంది.

యాక్టివేట్ ఫంక్షన్‌లో మొట్టమొదటి పని రిజిస్టర్ చేయడమే. డేటాబేస్ కనెక్షన్ కోసం ఎదురుచూసి ఆ తర్వాత రిజిస్టర్ చేయకండి. ముందు రిజిస్టర్ చేసి, కనెక్షన్ కోసం ఎదురుచూడటం ప్రొవైడర్ ఫంక్షన్ల లోపల పెట్టుకోండి.

రిజిస్టర్ చేసేటప్పుడు ఇజ్‌కేస్‌సెన్సిటివ్ అనే ఆప్షన్ ఇవ్వాలి. ఇది మీ పట్టికకు తగ్గట్టుండాలి. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) పెద్ద, చిన్న అక్షరాలకు తేడా చూడదు, పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. ఇక్కడ పొంతన కుదరకపోతే ఒకే టెంప్లేట్ రెండు ట్యాబుల్లో తెరుచుకుంటుంది.

ఇంకో పని ఇప్పుడే చేయండి. అవుట్‌పుట్ చానెల్ ఒకటి పెట్టి, ప్రతి ఫంక్షన్ మొదట్లో దాని పేరు, వచ్చిన చిరునామా రాయించండి. ఎడిటర్ మిమ్మల్ని ఎన్నిసార్లు, ఏమేం అడుగుతుందో చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

3. స్టాట్: ఇక్కడ ఒక పూట కూర్చోండి

ఎడిటర్‌కు మీ పట్టిక కనిపించదు. స్టాట్ చెప్పిందే దానికి వేదం: రకం, పుట్టిన సమయం (సీటైమ్), మారిన సమయం (ఎంటైమ్), సైజు. కావాలంటే రీడ్‌ఓన్లీ అనే అనుమతి కూడా జోడించవచ్చు. వీటిలో ప్రాణం ఎంటైమ్, సైజు.

సేవ్ కొట్టగానే ఎడిటర్ రాయడానికి ముందు మళ్లీ స్టాట్‌ను పిలుస్తుంది. తాను చదివినప్పటి ఎంటైమ్ కన్నా ఇప్పటిది ముందుకు జరిగిందా అని చూస్తుంది. జరిగి ఉంటే, సైజు కూడా మారిందా అని చూస్తుంది. రెండూ మారితేనే అనుమానిస్తుంది, ‘ఈలోగా ఫైలు మారింది, పోల్చి చూస్తారా, మీదే రాసేయమంటారా’ అని ఆగుతుంది. ఒక్కటి మారకపోయినా మారు మాట్లాడకుండా రాసేస్తుంది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదటిసారి రాసినప్పుడు ఎంటైమ్ సరిగ్గానే ఇచ్చి, సైజు తర్వాత చూద్దాంలే అని సున్నా పెట్టి వదిలేశాను. ఓ రోజు ఓటీపీ టెంప్లేట్ సగం దిద్ది, సేవ్ చేయకుండా భోజనానికి వెళ్లాను. ఆలోగా పక్క టీమ్ అమ్మాయి అందులోనే ‘ఈ నంబర్ ఎవరికీ చెప్పకండి’ అన్న వాక్యం చేర్చింది. నేను వచ్చి మిగతా సగం దిద్ది సేవ్ కొట్టాను. ఏ హెచ్చరికా రాలేదు. సాయంత్రం ఆమె “నా వాక్యం ఏమైందన్నా?” అని అడిగేదాకా ఆ సంగతే తెలియదు. సున్నా ఎప్పుడూ సున్నాయే కదా, ఎడిటర్ దృష్టిలో సైజు మారనే లేదు.

ఇక ఈ రెండు అంకెలు సరిగ్గా ఇవ్వడం ఎలాగో చూద్దాం.

*సైజు బైట్లలో ఉండాలి, అక్షరాల్లో కాదు.* తెలుగువాళ్లం ఇక్కడ తేలిగ్గా దొరికిపోతాం. ‘నమస్కారం’ అన్న మాటకు జావాస్క్రిప్ట్ లెంగ్త్ 8 అని చెబుతుంది, యూటీఎఫ్-8లో అది 24 బైట్లు. పాఠాన్ని టెక్స్ట్‌ఎన్‌కోడర్‌తో బైట్లుగా మార్చి, ఆ బైట్ల పొడవు ఇవ్వండి. పట్టిక నుంచే నేరుగా తెచ్చుకుంటే, మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ బైట్లనే ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరున్న ఫంక్షన్ అక్షరాలను లెక్కిస్తుంది, అక్కడ ఆక్టెట్_లెంగ్త్ వాడాలి.

*ఎంటైమ్ మిల్లీసెకన్లలో ఉండాలి.* 1970 జనవరి 1 నుంచి లెక్క. మీ దగ్గర సెకన్లుంటే వెయ్యితో గుణించండి.

*ఎంటైమ్ ప్రతి మార్పుకూ ముందుకు జరగాలి.* మైఎస్‌క్యూఎల్‌లో డేట్‌టైమ్ కాలమ్ మామూలుగా సెకన్ల వరకే దాచుకుంటుంది. ఒకే సెకనులో రెండు మార్పులు జరిగితే రెండింటికీ ఒకే సమయం పడుతుంది. కాలమ్‌ను డేట్‌టైమ్(3)గా మార్చండి.

*అడిగినప్పుడల్లా ‘ఇప్పుడు’ అని చెప్పకండి.* స్టాట్‌లో డేట్.నౌ తిప్పి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేస్తే ఎడిటర్‌కు ఫైలు ఎప్పుడూ మారుతూనే ఉన్నట్టుంటుంది, మళ్లీ మళ్లీ చదువుతుంది.

*స్టాట్ కూడా అసలు డేటాబేస్‌నే అడగాలి.* సేవ్ అయ్యాక కొత్త ఎంటైమ్ కోసం ఎడిటర్ మరోసారి స్టాట్ పిలుస్తుంది. మీ రీడ్ క్వెరీలు రెప్లికాకు (అసలు డేటాబేస్‌ను చూసి కాపీ చేసుకునే నకలుకు) వెళ్తుంటే, అది వెనకబడిన ఆ అర సెకను చాలు, పాత సమయం తిరిగొస్తుంది. తర్వాతి సేవ్ అప్పుడు మీ సొంత మార్పు మీదే మీకు గొడవ చూపిస్తుంది.

ఒక చిల్లు మాత్రం మిగులుతుంది. ‘10 నిమిషాలు’ను మరొకరు ‘15 నిమిషాలు’ చేస్తే సమయం మారుతుంది కానీ సైజు మారదు. ఎడిటర్ పట్టుకోలేదు. రైట్‌ఫైల్‌కు మీ చేతికొచ్చేవి చిరునామా, బైట్లు, రెండు ఆప్షన్లే. పాత వెర్షన్ ఏదో అందులో ఉండదు. హిస్టరీ పట్టిక ముందే పెట్టుకోమన్నది ఇందుకే.

లేని ఫైలు సంగతి. ఫోల్డర్‌ను వర్క్‌స్పేస్‌గా తెరిస్తే ఎడిటర్ మీ పట్టికలో ఎన్నడూ లేని సెట్టింగ్స్, టాస్క్స్, లాంచ్ జేసన్ ఫైళ్లను .వీఎస్‌కోడ్ ఫోల్డర్ కింద వెతుకుతుంది. కంగారు పడకండి. ఫైల్‌సిస్టమ్‌ఎర్రర్.ఫైల్‌నాట్‌ఫౌండ్ త్రో చేయండి, అంతే. మామూలు ఎర్రర్ త్రో చేసినా, ప్రతిసారీ పాప్-అప్ చూపించినా మీకే చిరాకు. పైగా కొత్త ఫైలు సేవ్ చేసేటప్పుడు పై ఫోల్డర్ ఉందో లేదో ఎడిటర్ ఈ ఎర్రర్ రకాన్ని బట్టే తెలుసుకుంటుంది. వేరే ఎర్రర్ వస్తే అక్కడే ఆగిపోతుంది. రూట్ అంటే ‘/’ చిరునామాకు స్టాట్ ఎప్పుడూ డైరెక్టరీ అనే చెప్పాలి.

☐ సైజు = యూటీఎఫ్-8 బైట్లు
☐ ఎంటైమ్ = మిల్లీసెకన్లు, మారితేనే జరుగుతుంది, మారితే తప్పక జరుగుతుంది
☐ స్టాట్ రెప్లికాను అడగడం లేదు
☐ లేనిదానికి ఫైల్‌నాట్‌ఫౌండ్, రూట్‌కు డైరెక్టరీ

4. రీడ్‌డైరెక్టరీ, రీడ్‌ఫైల్

ఇవి తేలిక. రీడ్‌డైరెక్టరీ పేరు, రకం జతల జాబితా ఇవ్వాలి. పేరు అంటే ఉత్త పేరే, పూర్తి చిరునామా కాదు. రూట్‌ను అడిగితే వర్గాలు, వర్గాన్ని అడిగితే టెంప్లేట్లు.

రీడ్‌ఫైల్ బైట్లివ్వాలి, స్ట్రింగ్ కాదు. 50 ఎంబీ దాటిన పాఠాన్ని ఓపెన్‌టెక్స్ట్‌డాక్యుమెంట్‌తో తెరవలేం. టెంప్లేట్లకు ఆ బెంగ లేదు. ఇదే దారిలో లాగ్‌లు చూపించాలనుకునేవాళ్లు గుర్తుంచుకోండి.

5. రైట్‌ఫైల్, దాని రెండు ఆప్షన్లు

క్రియేట్, ఓవర్‌రైట్ అని రెండు ఆప్షన్లొస్తాయి. వాటిని పట్టించుకోకుండా ‘ఉంటే అప్‌డేట్, లేకపోతే ఇన్సర్ట్’ అని ఒకే క్వెరీ రాసేయడం అందరం చేసే పనే. చేయకండి.

– వరుస పట్టికలో లేదు, క్రియేట్ లేదు: ఫైల్‌నాట్‌ఫౌండ్
– వరుస ఉంది, క్రియేట్ ఉంది, ఓవర్‌రైట్ లేదు: ఫైల్‌ఎగ్జిస్ట్స్
– రాసే హక్కు లేదు: నోపర్మిషన్స్
– డేటాబేస్ పలకడం లేదు: అన్‌అవైలబుల్

రీనేమ్‌కూ ఇదే పద్ధతి. కొత్త పేరుతో టెంప్లేట్ ముందే ఉండి, ఓవర్‌రైట్ లేకపోతే ఫైల్‌ఎగ్జిస్ట్స్. డిలీట్‌లో రికర్సివ్ (లోపలివన్నీ కలిపి తీసేయమనే) ఆప్షన్ చూడకుండా వర్గం మొత్తం తుడిచేయకండి.

లైవ్ అథారిటీకి నేనైతే రాత హక్కే ఇవ్వను. స్టాట్‌లో రీడ్‌ఓన్లీ అనుమతి పెడతాను, రైట్‌ఫైల్‌లోనూ నోపర్మిషన్స్ త్రో చేస్తాను. లైవ్‌లోకి పంపే పని విడిగా కమాండ్‌తో, అడిగి, చేయాలి.

రెండు సెట్టింగ్స్‌తో జాగ్రత్త. ఆటో సేవ్‌ను ‘ఆఫ్టర్ డిలే’లో పెట్టుకున్నవాళ్లకు డిఫాల్ట్ వ్యవధి 1000 మిల్లీసెకన్లు. టైప్ చేస్తూ కాస్త ఆగినప్పుడల్లా సగం వాక్యం డేటాబేస్‌లోకి పోతుంది. రెండోది, ఫైలు చివర కొత్త లైన్ చేర్చే సెట్టింగ్. తెలుగు ఎస్‌ఎంఎస్‌లో ఒక మెసేజ్‌కు పట్టేది 70 యూనిట్లే, ఒత్తు, గుణింతం, కొత్త లైన్ అన్నీ లెక్కలోకొస్తాయి. సరిగ్గా 70 దగ్గర ఆపిన టెంప్లేట్‌కు ఎడిటర్ ఓ కొత్త లైన్ తగిలిస్తే, రెండు మెసేజ్‌ల ఖర్చు.

6. మారిందని కబురు చెప్పడం

మీరు ఆన్‌డిడ్‌ఛేంజ్‌ఫైల్ ఈవెంట్ పంపితేనే అవతలివాళ్ల మార్పు మీ తెరపైకి సమయానికి వస్తుంది. పద్ధతి ఇదీ:

ఎ. ‘దీని మీద కన్నేసి ఉంచు’ అని ఎడిటర్ మీ వాచ్ ఫంక్షన్‌ను పిలిచాక పోలింగ్ మొదలుపెట్టండి. ఐదు సెకన్లకోసారి ‘గత సమయం తర్వాత మారిన వరుసలు’ అడిగితే చాలు.

బి. దొరికినవన్నీ ఒక్కొక్కటిగా కాకుండా ఒకే జాబితాగా పంపండి.

సి. మీ రైట్‌ఫైల్, డిలీట్, రీనేమ్ చేసిన మార్పులకూ పంపండి. రీనేమ్ అంటే రెండు కబుర్లు: పాతది డిలీటెడ్, కొత్తది క్రియేటెడ్.

డి. వాచ్ తిరిగిచ్చిన డిస్పోజబుల్‌లో (ఇక చూడక్కర్లేదన్నప్పుడు ఎడిటర్ పిలిచేది) పోలింగ్ ఆపండి. ఎవరూ చూడనప్పుడు డేటాబేస్‌ను తట్టి లేపడం దేనికి?

సేవ్ చేయని మార్పులున్న ట్యాబ్‌ను ఎడిటర్ తనంతట తాను రిఫ్రెష్ చేయదు, కబురు వెళ్లినా సరే. అది మంచిదే. అప్పుడు కాపాడాల్సింది పైన చెప్పిన స్టాట్.

7. ఎడిటర్‌లో తెరవడం

చిరునామాను స్ట్రింగులు అతికించి, యూఆర్ఐ.పార్స్‌కు ఇవ్వకండి. టెంప్లేట్ పేరు ‘ఆఫర్ #2’ అయితే # తర్వాతిదంతా ఫ్రాగ్మెంట్ అయిపోయి, ‘ఆఫర్’ అనే లేని ఫైలు కోసం వెతుకులాట మొదలవుతుంది. యూఆర్ఐ.ఫ్రమ్‌కు స్కీమ్, అథారిటీ, పాత్ విడివిడిగా ఇవ్వండి. పాత్ ‘/’తో మొదలవ్వాలి. తెలుగు పేర్లున్న చిరునామా లాగ్‌లో శాతం గుర్తుల వరదలా కనిపిస్తే అది తప్పు కాదు, ఎన్‌కోడింగ్. టూస్ట్రింగ్‌కు ట్రూ ఇస్తే చదవగలిగేలా వస్తుంది.

తెరవడానికి నాలుగు దారులున్నాయి:

– పాఠమేనని తెలిస్తే షోటెక్స్ట్‌డాక్యుమెంట్. ప్రివ్యూను ఫాల్స్ చేయండి, లేకపోతే తర్వాత తెరిచిన ఫైలు ఇదే ట్యాబ్‌ను ఆక్రమిస్తుంది.
– పాఠమో ఇమేజో తెలియకపోతే ‘వీఎస్‌కోడ్.ఓపెన్’ కమాండ్. తగిన ఎడిటర్‌ను అదే ఎంచుకుంటుంది.
– రెండింటిని పోల్చాలంటే ‘వీఎస్‌కోడ్.డిఫ్’. ఎడమన లైవ్, కుడిన టెస్ట్. ఈ ఒక్కదాని కోసమైనా ప్రొవైడర్ రాయొచ్చంటాను.
– మొత్తం చెట్టు పక్క ప్యానెల్లో కావాలంటే అప్‌డేట్‌వర్క్‌స్పేస్‌ఫోల్డర్స్.

నాలుగోదానిలో ఓ మెలిక ఉంది. మొదటి వర్క్‌స్పేస్ ఫోల్డర్ చేర్చినా, మార్చినా ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగి మళ్లీ మొదలవుతాయి, మీదీ అందులోనే. ఆ లైన్ తర్వాత రాసిన కోడ్ నడుస్తుందని నమ్మకండి. ఫోల్డర్ చేర్చడమే ఆ కమాండ్‌లో ఆఖరి పని కావాలి.

8. తెరిచాక మిగతా ఎక్స్‌టెన్షన్లు పలకకపోతే

మీ ఫైలు డిస్క్‌లో లేదు. అందుకే గిట్, టెర్మినల్ దాన్ని చూడలేవు. ‘ఫైల్’ స్కీమ్‌కు మాత్రమే పనిచేస్తామని రాసుకున్న ఎక్స్‌టెన్షన్లు నిశ్శబ్దంగా ఉండిపోతాయి. మొత్తం ఫోల్డర్లో పాఠం వెతకడం కూడా ఈ ప్రొవైడర్ ఒక్కదానితో రాదు. మీ టీమ్‌కు ముందే చెప్పేయండి.

మీ సొంత కోడ్‌లో మాత్రం సాకులుండకూడదు. నోడ్ ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌కు ఎఫ్‌ఎస్‌పాత్ ఇచ్చి చదివే చోట్లన్నీ వర్క్‌స్పేస్.ఎఫ్‌ఎస్‌కు మార్చండి. అది రెండు రకాల ఫైళ్లకూ పనిచేస్తుంది.

9. అప్పగించే ముందు పరీక్ష

ఎఫ్5 నొక్కి, తెరుచుకునే రెండో విండోలో ఈ వరుసలోనే చేయండి:

☐ టెంప్లేట్ తెరిచి, రీలోడ్ విండో కొట్టాలి. ట్యాబ్ ఎర్రర్ లేకుండా తిరిగి రావాలి. రాకపోతే 2వ దశ చూడండి
☐ తెరిచి ఉంచి, డేటాబేస్‌లో పాఠం మార్చాలి. పది సెకన్లలోపు ట్యాబ్‌లో కనిపించాలి. లేకపోతే ముందు స్టాట్, తర్వాత 6వ దశ
☐ ట్యాబ్‌లో ఓ అక్షరం కొట్టి సేవ్ చేయకుండా ఆపి, డేటాబేస్‌లో ఓ వాక్యం చేర్చి, ఇప్పుడు సేవ్ కొట్టాలి. హెచ్చరిక రావాలి. రాకపోతే సైజు తప్పు
☐ వెంటవెంటనే మూడుసార్లు సేవ్ కొట్టాలి. మీ మార్పు మీదే గొడవ వస్తే రెప్లికాను అనుమానించండి
☐ ‘ఆఫర్ #2’, ‘దీపావళి 50% తగ్గింపు’ పేర్లతో టెంప్లేట్లు సృష్టించి, తెరిచి, పేరు మార్చి, తీసేయాలి
☐ లైవ్ టెంప్లేట్ తెరిచి టైప్ చేయబోవాలి. అక్షరం పడకూడదు
☐ నెట్‌వర్క్ తీసేసి సేవ్ కొట్టాలి. ట్యాబ్‌లో మార్పులు అలాగే ఉండాలి, ‘సేవ్ అయింది’ అన్న భ్రమ కలగకూడదు

మూడో పరీక్ష ఒక్కరే చేసుకోకండి. పక్క సీటువాళ్లను పిలిచి, రెండు మెషీన్లలో ఒకే టెంప్లేట్ తెరిచి చేయండి.